వ్రాత నిత్యకర్మమా, కామ్యకర్మమా?

వ్రాసి పంపిన కథ తిరిగి వచ్చినప్పుడు, లేక తిరిగియైనను రానప్పుడు, ఔత్సాహిక రచయితకు మిత్రులు చెప్పు ఓదార్పు ఎచ్చటనైనను ఒక్కటియే. భగవద్గీతను ఎన్నడును తెఱచి చూడనివారు సైతము భుజము తట్టి, "ఫలితం సంగతి నీకెందుకు, నీ పని నువ్వు చేసుకుపో" అందురు. గుంటూరులో అరుగుమీద విన్నను, అమెరికాలో జార్జియా రాష్ట్రమందలి అల్ఫారెట్టాలో కాఫీకొట్టు బల్లయొద్ద విన్నను ఈ మాట రుచి మారదు. వినుచున్నంతసేపు హాయిగా నుండును. ఇల్లు చేరునప్పటికి బాధ మరల మొదలగును. ఇంత గొప్ప శాస్త్రము ఇంత చిన్న దుఃఖమును మాన్పలేకపోవుటకు కారణమేమి? శాస్త్రమునందు లోపమున్నదా, దానిని మనము వాడుకొను తీరునందున్నదా? ఈ ప్రశ్న నన్ను చిరకాలముగా వేధించుచున్నది. వేధింపబడుటకు అల్ఫారెట్టా అనుకూలమైన చోటు కూడ.

ఈ ఊరు 1858లో పురముగా ఏర్పడినది. మిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణమై, పత్తిరైతులు బండ్లు కట్టుకొని వచ్చు అంగడియై, 1932లో ఆ కౌంటీ ఫుల్టన్ కౌంటీలో లీనమైపోగా పదవి పోయిన ఉద్యోగివలె చాల ఏండ్లు ఊరకుండినది. తరువాత అట్లాంటా నుండి ఉత్తరముగా నాలుగువందల నంబరు రహదారి వచ్చినది. దాని వెంబడి అద్దాల కార్యాలయములు, వానితో కంప్యూటరు కొలువులు, వానితో మనవారు వచ్చిరి. 2020 జనగణనలో ఇచ్చటి జనసంఖ్య 65,818. అందు తెలుగువారెందఱో నేను లెక్కింపలేదు గాని, సాయంకాలము బిగ్ క్రీక్ ఒడ్డున వేసిన కాలిబాటమీద ఒక మైలు నడచినచో కోనసీమ యాసయు, కరీంనగరము యాసయు, అనంతపురము యాసయు చెవినపడక మానవు. అన్నమున్నది, ఆవకాయయున్నది, ఆదివారము పిల్లలకు అక్షరములు దిద్దించు మనబడి యున్నది. తెలుగున వ్రాయుటకు కావలసినదెల్ల ఉన్నట్లే తోచును.

అయినను వ్రాయువాని దినచర్యను కొంచెము దగ్గఱనుండి చూడవలెను. తెల్లవాఱక మునుపే లేచి, హైదరాబాదులోని సహోద్యోగులకు సాయంకాలము ముగియులోపల వారితో మాటలాడవలసినదంతయు మాటలాడి, పిల్లలను పసుపుపచ్చని బడిబస్సు ఎక్కించి, రహదారిమీద వాహనముల వరుసలో నిలిచి, అట్లు నిలిచియున్నప్పుడు మనస్సున అనుకోకుండ మొలకెత్తిన ఒక వాక్యమును సమావేశముల నడుమను, కూరగాయల దుకాణములోను, పిల్లల ఈతకొలను గట్టుమీదను ఒలికిపోకుండ మోసికొనితెచ్చి, ఇల్లెల్ల నిద్రించిన పిదప కంప్యూటరు ముందు కూర్చున్నవానికి, ఆ వాక్యములోని మాటలు గుర్తుకు వచ్చును గాని అవి మొలకెత్తినప్పటి ప్రాణము గుర్తుకు రాదు. పోనిండని ఉన్న మాటలనే అక్షరములుగా కొట్టబోయిన, ఆంగ్లాక్షరములతో తెలుగును రప్పించు ఆ యంత్రము 'ళ'కారము కోరిన 'ల'కారము నిచ్చును, 'ణ'కారము కోరిన 'న'కారము నిచ్చును. వేలితో మీట నొక్కి వానిని సవరించులోపల రెండవ వాక్యము ఎగిరిపోవును. ఇంతలో హైదరాబాదున మరల తెల్లవాఱి, దూరవాణి మ్రోగును.

ఇవి చేయునప్పటి కష్టములు. చేసిన పిదప కష్టములు వేఱు. సంపాదకుల మౌనము వానిలో మొదటిది. నిరాకరణమునకు ఒక రూపముండును, మౌనమునకు రూపములేదు గనుక దానితో పోట్లాడుటకును వీలులేదు. ఉగాదికో దీపావళికో జరుగు పోటీలలో బహుమతి పొందిన కథను చదివి, తన కథ అంతకంటె మేలని లోలోపల నిశ్చయించుకొని, పైకి అభినందనలు చెప్పవలసివచ్చుట రెండవది. సొంత ఖర్చుతో హైదరాబాదునందు అచ్చువేయించిన పుస్తకముల ప్రతులు బావమఱిది ఇంటి అటకమీద నుండగా, వాని యోగక్షేమములను ప్రతి ఫోనులోను విచారించుట మూడవది. బంధువుల పఠనము అన్నిటికంటెను విచిత్రము. "చదివామమ్మా, చాలా బాగుంది. అన్నట్టు ఆ కథలో గయ్యాళి ఆడపడుచు మా పెద్దదేనా?" అని పిన్ని అడుగును. కాదని ఎంత చెప్పినను నమ్మదు. ఆమె అభిప్రాయమును విమర్శయని అనలేము. కాని కథను చివరివఱకు చదివినది బహుశః ఆమె ఒక్కతెయే.

ఇన్ని చిక్కులలో నున్నవానికి ఫలాపేక్ష వలదని చెప్పుట సులభము. కాని ఈ ఉపదేశమునకు మూలమైన కర్మవిచారమును కొంత లోతుగా చేసినవారు మీమాంసకులు. వారు ఇంత సులభముగా మాటలాడలేదు. వారు కర్మలను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములని విభజించిరి. ప్రతిదినమును సంధ్యయందు చేయు అగ్నిహోత్రము నిత్యము. వానకొఱకు చేయు కారీరీష్టి కామ్యము. నిత్యకర్మను ఎందుకు చేయవలెనను ప్రశ్నకడ వారు రెండు పాయలుగా చీలిరి. ప్రయోజనము తోపక ఎంతటి మందబుద్ధియు ఏ పనికిని పూనుకొనడనియు, కావున నిత్యకర్మమునకు కూడ పాపపరిహారమువంటి ప్రయోజనమేదో ఉండితీరవలెననియు కుమారిలభట్టు తలంచెను. ప్రభాకరుడు అట్లు కాదనెను. విధి చేయుమన్నది గనుక చేయవలెను, ఆ విధిని నెరవేర్చుటయే పరమార్థము, దానికి వెనుక మఱియొక ఫలమును వెదకుట విధిని అవమానించుటయే యని అతని మతము. వ్రాతవిషయమున నా మిత్రులందఱును తమకు తెలియకయే ప్రభాకరుని శిష్యులు. నేను మాత్రము, ఎంత ప్రయత్నించినను, కుమారిలుని పక్షమునుండి కదలలేకున్నాను. మమ్మటుడు కావ్యప్రయోజనములను లెక్కించుచు మొట్టమొదట యశస్సును, దాని వెనువెంటనే ధనమును చెప్పెనేగాని, ఏ ప్రయోజనమును లేకయే కవి వ్రాయునని చెప్పలేదు. ఆ కాశ్మీరపండితునకు మనస్తత్త్వము తెలియును.

ఇక్కడ మీమాంసకులు చేసిన మఱియొక నిర్ణయము నా ప్రశ్నకు సూటిగా తగులును. నిత్యకర్మయందు కొన్ని అంగములు లోపించినను, చేయువాడు తన శక్తికొలది చేసినచో కర్మ సిద్ధించినట్లే. జీవితాంతము ప్రతిదినమును చేయవలసినదానిని ప్రతిదినమును సర్వాంగసంపూర్ణముగా చేయుట మనుష్యునకు సాధ్యముకాదు గనుక శాస్త్రము అచట కనికరించినది. కామ్యకర్మయందట్లు కాదు. ఫలమును కోరినవాడు ఒక్క అంగమైనను విడువరాదు. విడిచినచో ఫలము రాదు, రాలేదని ఎవరిని నిందించుటకును హక్కులేదు. కారీరీష్టి చేసినను వాన కురియకున్న, లోపము కర్మయందే ఎచ్చటనో కలదని వెదకుకొనవలెనే గాని మేఘములపై నేరము మోపరాదు.

ఈ భేదమును గ్రహించిన తరువాత ఔత్సాహిక రచయితల మనోవ్యథలో అధికభాగము నాకు వేఱొక వెలుగున కనబడినది. మనము కోరునది కామ్యకర్మపు ఫలము. అడుగునది నిత్యకర్మపు మినహాయింపు. గడువునాటి అర్ధరాత్రి ముగింపును హడావిడిగా తగిలించి పంపునప్పుడు, పగలంతయు కొలువు చేసి వచ్చినవాడు ఇంతకంటె ఏమి చేయగలడని 'యథాశక్తి'ని స్మరింతుము. బహుమతి రానప్పుడు న్యాయనిర్ణేతల అజ్ఞానమును స్మరింతుము. కథలోని పాత్ర మొదటి పుటలో నెల్లూరు వాడై, నాలుగవ పుటలో ఏ ఊరివాడును కాకపోయినను, "మనకేం, ఆత్మతృప్తి కోసం రాస్తున్నాం" అందుము. పత్రికలో అచ్చుకానప్పుడు ఆత్మకు తృప్తి ఏల కలుగలేదో చెప్పము. పరదేశమున నుండి మాతృభాషయందు నాలుగు ముక్కలు వ్రాయుటయే గొప్పయను మాట ఒకటి మన సభలలో తఱచుగా వినబడును. ఆ మాట చెప్పువారు దయతోనే చెప్పుదురు, వినువారము సంతోషముతోనే విందుము. కాని దానివలన మన వచనమునకు జరిగిన హాని అంతయింత కాదు. అది అగ్నిహోత్రికి ఇచ్చిన కనికరమును కారీరీష్టి చేయువానికి ఇచ్చుట.

కీర్తిని కోరుట నీచమని నేననను. నాకు రోత కలిగించునది కోరికను దాచుకొనుట. ఈ రాష్ట్రమునందే, ఇచ్చటికి ఆగ్నేయమున మిల్లెడ్జ్‌విల్ అను పాత రాజధానియొద్ద, ఆండలూసియా అను పొలములో నెమళ్ళను పెంచుకొనుచు కథలు వ్రాసిన ఫ్లానరీ ఓకానర్ ఈ విషయమున నాకు గౌరవపాత్రురాలు. 1925లో సవానాలో పుట్టి, యౌవనముననే లూపస్ వ్యాధి సోకగా తల్లియొద్దకు తిరిగివచ్చి, ఉన్న శక్తినంతయు ప్రాతఃకాలపు వ్రాతకే వినియోగించి, 1964లో ముప్పదితొమ్మిదవ యేట మరణించినది. ఆమె భక్తురాలగు కాథలిక్కు. ఇరువది, ఇరువదిరెండేండ్ల నడిమి వయస్సున, 1946, 47 సంవత్సరములలో, అయోవాలో చదువుచుండగా ఒక నోటుపుస్తకమున దేవునితో మాటలాడినట్లు ప్రార్థనలు వ్రాసికొన్నది. అవి ఆమె పోయిన చాల ఏండ్లకు 2013లో పుస్తకముగా వచ్చినవి. వానిలో ఆమె దేవుని అడిగినది మోక్షమొక్కటియే కాదు. తనను మంచి రచయిత్రిని చేయుమని నిస్సంకోచముగా అడిగినది. అట్లడుగుటలో దేవునికంటె తననే ఎక్కువగా ప్రేమించుకొనుచున్నానేమో యని భయపడినది. ఆ భయమును కూడ ఆయనకే నివేదించినది. కోరికను చంపినట్లు నటింపలేదు, కోరిక ఉన్నది గదాయని ప్రార్థనను మానలేదు. చివరి పుటయందు తన తిండియాశను తానే ఎత్తిపొడుచుకొని ఆ నోటుపుస్తకమును ముగించినది. ఇరువదిరెండేండ్ల యువతికి ఇంత నిజాయితీ ఎట్లు కలిగెనో! ఆమె కథలలోని కఠోరత్వము కొందఱకు సహింపరాదు గాని, వానిలో ఒక్క అంగమును లోపింపలేదని శత్రువులును ఒప్పుకొందురు. కామ్యమైనదానిని కామ్యమని తెలిసికొని చేసినందున ఆమె యథాశక్తిని శరణుచొరలేదు. ఆమె రోగముతో పోల్చిన మన కొలువుల అలసట ఎంత?

ఇంతవఱకు కామ్యమును గుఱించి. కాని ప్రభాకరుని పక్షమును ఇంత త్వరగా విడుచుటకు మనస్సొప్పదు, ఏలయన తాళ్ళపాక అన్నమాచార్యుడు అడ్డువచ్చుచున్నాడు.

ఆయన పదునాఱేండ్ల వయస్సున 1424లో మొదలిడి 1503లో పరమపదించువఱకు వేంకటేశ్వరునిపై సంకీర్తనములు రచించినట్లు ఆయన రాగిరేకులే చెప్పుచున్నవి. దినమునకు ఒక్కటి తక్కువ కాకుండ చెప్పెనని సంప్రదాయము. నిత్యకర్మమునకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? ముప్పదిరెండువేలని ప్రసిద్ధి, మనకు దొరికినవి అందులో సగమునకు లోపలనే. వంశమువారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో ఒక చిన్న అఱలో భద్రపఱచిరి. ఆ తరువాత శతాబ్దములు గడచినవి. రాజ్యములు మాఱినవి. ఆ అఱకు ఎదురుగా కోట్లకొలది భక్తులు నడచిపోయిరి. వారిలో లోపలి రేకులను చదివినవారు లేరు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఏ.డి. క్యాంబెల్ అను ఆంగ్లేయ ఉద్యోగి ఆ రేకులను గుఱించి విని, వానిని పరిశీలింపజేసి, ఒక వ్యాకరణగ్రంథము తప్ప తక్కినవన్నియు దేవునిపై స్తోత్రములే యని 1816లో అచ్చయిన తన వ్యాకరణగ్రంథపు పీఠికలో వ్రాసికొనెను. ఇది చదివినప్పుడెల్ల నాకు నవ్వును ఏడ్పును కలసి వచ్చును. మూడువందల యేండ్ల తరువాత ఒక్కడు తలుపు తెఱచెను. అతనికి అక్కఱకు వచ్చినది వేఱొకటి! సంపాదకుల మౌనమునకు కుమిలిపోవు మనవంటివారు అన్నమాచార్యునకు దొరికిన ఆ మొదటి 'సమీక్ష'ను గుర్తుంచుకొనదగును. పిదప ఇరువదవ శతాబ్దమున దేవస్థానమువారు ఆ రేకులను వెలికితీయించుటయు, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వానిని పరిష్కరించుటయు అందఱెఱిగినదే. నేడు అట్లాంటాకు దక్షిణమున రివర్‌డేల్‌లోని వేంకటేశ్వరాలయమునకు ఇక్కడినుండి నగరమంతయు దాటి వెళ్ళు కుటుంబములు దారిపొడవున కారులో వినునవి తఱచుగా ఆ పాటలే.

చదువరి లేకపోయిన ఆ శతాబ్దములలో అన్నమాచార్యుని కర్మ అసంపూర్ణముగా నుండెనా? ఉండెనని చెప్పుటకు నాకు నోరాడదు. అయినచో చదువరి అక్కఱలేదన్నమాటయేనా? అట్లు చెప్పుటకును మనస్సొప్పదు. ఈ చిక్కునుండి బయటపడుటకు మరల మీమాంసకులయొద్దకే పోవలెను. ఒక దేవతను ఉద్దేశించి, ద్రవ్యమును, ఇది నాది కాదని విడుచుటయే యాగమని వారి నిర్వచనము. దేవత లేనిదే యాగము లేదు. అగ్నిలో నేయి పోసినంతమాత్రమున అది యాగము కాదు, ఎవరికని చెప్పి పోయవలెను. కాని ఆ దేవత యెట్టిది? జైమినిసూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామి మొదలగువారి నిర్ణయము విన్న నేటి నాస్తికులు సైతము ఉలికిపడుదురు. దేవతకు శరీరము లేదు, హవిస్సును ఆమె ఆరగింపదు, ఆరగించి ప్రసన్నురాలై ఫలమిచ్చుటయు లేదు. ఎవరికని విధివాక్యము చెప్పినదో ఆ చతుర్థీవిభక్తిలోని పదమే దేవత. ఫలమిచ్చునది కర్మ.

ఈ మాటను వ్రాతకు అన్వయించి చూచితిని. చదువరి కంటికి కనబడనక్కఱలేదు, ఉత్తరము వ్రాయనక్కఱలేదు, మెచ్చుకొననక్కఱలేదు. ఇంకను పుట్టకపోయినను బాధలేదు. కాని వాక్యము ఎవరికో ఒకరికి ఉద్దేశింపబడి యుండవలెను. ఉద్దేశింపబడనిది వాక్యమే కాదు. భవభూతి తన కాలపు పండితుల నిరాదరణమును మాలతీమాధవ ప్రస్తావనయందు ఎత్తిపొడిచి, ఎప్పుడో ఎక్కడో పుట్టబోవు సమానధర్మునకు తన కృతిని అప్పగించినప్పుడు చేసినది ఈ ఉద్దేశత్యాగమే. 1970లలో పెమ్మరాజు వేణుగోపాలరావుగారు అట్లాంటా నుండి 'తెలుగు భాషా పత్రిక'ను వెలువరించిన నాళ్ళలో ఈ దేశమున తెలుగు అచ్చక్షరములు లేవు; పుటలు చేతితో వ్రాసి ప్రతులు తీయవలెను. ఎమరీ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఆచార్యుడు, పరమాణువుల సంగతి ముగించుకొని వచ్చి 'ళ'కారమును 'ణ'కారమును చక్కగా దిద్దుచు కూర్చున్నది, ఎచ్చటనో మంచుకప్పిన ఊళ్ళలో ఒక్కొక్కరుగా నున్న తెలుగు ఇండ్లకొఱకు. ఆ ఇండ్లలో అందఱిని ఆయన ఎఱుగడు. కాని వారికని వ్రాసెను. 1998లో మొట్టమొదటి అమెరికా తెలుగు సాహితీసదస్సు అట్లాంటాలోనే జరుగుట యాదృచ్ఛికమని నేననుకొనను.

మనవంటివారము చేయు తప్పు ఇచ్చటనే ఉన్నదని నా అభిప్రాయము. చదువరిని కోరుదుము గాని ఉద్దేశింపము. కోరుట వేఱు, ఉద్దేశించుట వేఱు. కోరినప్పుడు అతడు మనకేమి ఇచ్చునా యని చూతుము. అతడు పొగడు ముఖము కలవాడై, చప్పట్లు కొట్టు చేతులు కలవాడై, మన ఊహలో కూర్చుండును. ఉద్దేశించినప్పుడు అతనికి ఏమి కావలెనో, ఏది తెలియదో, ఏ వాక్యమువద్ద అలసిపోవునో చూడవలసివచ్చును. న్యాయనిర్ణేతకు వ్రాసిన కథ, న్యాయనిర్ణేత బహుమతి నిచ్చినను, ఎవరికిని వ్రాసినది కాదు.

ఇంతవఱకు సిద్ధాంతము బాగుగనే నడచినది. దీనిని ఒకరికి వినిపింపవలెనను కోరిక పుట్టినది. చూడుడు, కోరిక ఎంత దుర్నివారమో! కుమారుని చూచుటకు ఆరుమాసముల వీసామీద వచ్చి, ప్రతిసాయంకాలమును క్రీక్ ఒడ్డున నడచు ఒక విశ్రాంత తెలుగు ఉపన్యాసకులు నాకు పరిచయము. ఒక పొడుగుపాటి కఱ్ఱబల్లమీద కూర్చుండబెట్టి అంతయు విన్నవించితిని. ఆయన సాంతముగా విని, "అంతా బానే ఉందండీ. కానీ వంట చేసి, వీధి తలుపు గడియ పెట్టుకుని, అతిథిని ఉద్దేశించాను అంటే అతిథి కడుపు నిండుతుందా?" అనిరి.

"అన్నమయ్య సంగతేమిటి మాస్టారూ?" అంటిని.

"అన్నమయ్య గడియ పెట్టలేదు కదండీ. ఆయన పాడాడు. వినేవాడు ఎదురుగా గర్భగుడిలో ఉన్నాడని నమ్మాడు. మీ మీమాంసకుడు చెప్పిన ఒళ్ళులేని దేవతకి పాడలేదు."

నేను మాటాడలేదు. ఆయనయే కొంతసేపటికి, "ఖండదేవుణ్ణి చదివారా?" అని అడిగిరి. పదునేడవ శతాబ్దపు కాశీలో మీమాంసకులలో మేటియైన ఆ పండితుడు, భాట్టదీపికయందు దేవతకు శరీరము లేదన్న అధికరణమును యథాశాస్త్రముగా, తిరుగులేని తర్కముతో వ్యాఖ్యానించి, జైమినిమతమిదియే యని తేల్చి, ఆ చివరనే, ఇట్టి మాటలు పలికినందున తన వాక్కు మలినమైనదనియు దీనికి హరిస్మరణమే తనకు శరణమనియు వ్రాసికొనెను. తర్కము అతనిని ఒకచోటికి తీసికొనిపోయినది. మనస్సు అచట నిలువనొల్లక వెనుదిరిగినది. రెండింటిని అతడు దాచలేదు. ఒక దానికొఱకు రెండవదానిని దిద్దలేదు.

నా స్థితియు అట్టిదియే. చదువరికి శరీరము అక్కఱలేదని పగలంతయు నిరూపించి, రాత్రి ఎవరైన చదివిరేమోనని చూచుకొందును. ఈ రెండింటిలో ఒకటి మిథ్యయని నేనొప్పుకొనను. ఉద్దేశించుటకు శరీరము లేని చదువరి చాలును, బ్రతుకుటకు చాలడు. సంకీర్తనములు శతాబ్దములు రాగిలో నిద్రించినను చెడలేదు, నిజమే. కాని వానిని చెక్కించిన కుమారుడును మనుమడును శరీరధారులు. ఆ పాటలు వినదగినవని ఆ ఇంటిలో ఎవరో నమ్మినందుననే రాగి కొనబడినది. మనకు అట్టివారు ఒకరిద్దఱుండిన చాలును, వేయిమంది ఎందుకు? గయ్యాళి ఆడపడుచు ఎవరని అడిగిన పిన్నిని ఇన్నాళ్ళు పరిహసించితిమి గాని, ఆమె ప్రశ్నలో కథ జీవించియున్నదన్న సాక్ష్యమున్నది. పాత్రను మనుష్యుని అనుకొని కోపగించుకొన్న చదువరి కంటె రచయితకు కావలసినదేమి?

ఈ వ్యాసము ముగింపునకు వచ్చినప్పుడు ఉపన్యాసకులవారు తిరుగుప్రయాణమునకు పెట్టెలు సర్దుకొనుచుండిరి. దీనిని ఎవరికి ఉద్దేశించి వ్రాసితినని అడిగిరి. నిజము చెప్పవలెనన్న వారికే. చెప్పితిని. వారు సంతోషించినట్లు కనబడలేదు. కండ్లజోడు తీసి తుడుచుకొని, "అయితే అక్షరాలు పెద్దవి చేసి కాయితం మీద తీసి ఇవ్వండి. విమానంలో చదువుతాను. అన్నట్టు, కుమారిలుడి గురించి రాసినచోట ఆ వాక్యం మరీ పొడుగైంది, కొయ్యండి" అనిరి. అక్షరములు పెద్దవి చేయుచున్నాను. వాక్యమును మాత్రము కోయలేదు.